పది చేతుల నడుమ పసిబిడ్డ

నిజామాబాద్‌లో ఖలీల్‌వాడి అంటే ఆసుపత్రుల పేట. అక్కడ ఏ పిల్లల డాక్టరు దగ్గరైనా ఓ పూట కూర్చుంటే ఒక తంతు మళ్లీ మళ్లీ కనబడుతుంది. ఐదారు నెలల బిడ్డ రాత్రంతా ఏడుస్తోందనో, పాలు పట్టడం లేదనో, చంక దించితే ఊరుకోవడం లేదనో తీసుకొస్తారు. డాక్టరు తల్లిని అడుగుతాడు, బాపమ్మ జవాబు చెబుతుంది. తల్లి నోరు తెరవబోతే "నీకేం తెలుస్తది, నువ్వాగు" అని పక్కనుంచి మాట పడుతుంది. తండ్రి ఊళ్లో ఉంటే మందుల షాపు ముందు నిలబడి ఉంటాడు, లేకుంటే షార్జా నుంచి ఫోన్లో ఉంటాడు. బిడ్డ బరువు రాసి, కడుపునొప్పికి చుక్కల మందు రాసి పంపిస్తారు. బిడ్డను సాకే విషయంలో ఆ ముగ్గురు పెద్దలకు పొత్తు కుదిరిందా లేదా అన్నది ఏ చీటీలోకీ ఎక్కదు. పసిపిల్లల మానసిక ఆరోగ్యం మీద జరిగిన పరిశోధన కొన్ని దశాబ్దాలుగా అటే వేలు చూపిస్తోంది. మన దగ్గర మాత్రం విచారణ "తల్లి పాలు సరిగ్గా ఇస్తోందా" దగ్గరే ఆగిపోయింది.

పసిగుడ్డుకు మానసిక ఆరోగ్యమేమిటని నవ్వేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆకలి, నిద్ర, భయం, ఉలికిపాటు, వీటిలో దేన్నీ బిడ్డ తనంతట తాను సర్దుకోలేదు. ఎవరో ఎత్తుకోవాలి, ఊపాలి, మాట్లాడాలి. అట్లా పక్కవాళ్లు సర్దగా సర్దగానే తాను సర్దుకోవడం నేర్చుకుంటుంది. మొదటి మూడేళ్లలో ఈ పని ఎంత నమ్మకంగా సాగిందన్నదే పసిపిల్లల మానసిక ఆరోగ్య శాఖ పట్టించుకునే విషయం. 1951లో జాన్ బౌల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు రాసిచ్చిన నివేదిక తల్లి ప్రేమ దొరకని పిల్లల గతి ఏమవుతుందో చెప్పింది. 1970లలో అమెరికాలోని మిషిగన్‌లో సెల్మా ఫ్రైబర్గ్ బృందం ఇళ్లకు వెళ్లి, వంటింట్లో కూర్చుని తల్లీబిడ్డలకు చికిత్స చేసింది. తల్లి తన చిన్నతనంలో పడ్డ బాధలు ఆమెకు తెలియకుండానే బిడ్డ మీద ఎట్లా వాలుతాయో ఆ బృందం 1975లో ప్రచురించిన వ్యాసం చూపించింది. 1978లో ఎడ్వర్డ్ ట్రోనిక్ చేసిన ప్రయోగం ఇంకా సూటిది. అప్పటిదాకా నవ్వుతూ ఆడించిన తల్లి ఉన్నట్టుండి ముఖంలో ఏ కదలికా లేకుండా బిడ్డను చూస్తుంది. నెలల బిడ్డ ముందు నవ్వి పిలుస్తుంది, చేతులు చాస్తుంది, లాభం లేదని తెలిశాక ముఖం తిప్పేసుకుంటుంది.

గొప్ప పనులే ఇవి. కానీ అన్నిటిలోనూ బిడ్డ ఎదుట ఉన్నది ఒక్క మనిషి, తల్లి. బిడ్డకు ఏమైనా తప్పు ఆమెదే అనే అలవాటు మనకు ముందే ఉంది, దానికి సైన్సు ముద్ర కూడా పడినట్టయింది.

ఆ ఇద్దరి బొమ్మలోకి మూడో మనిషిని తెచ్చినవాళ్లలో స్విట్జర్లాండ్‌లోని లోజాన్ బృందం ముఖ్యమైనది. ఎలిజబెత్ ఫివాజ్-దెపర్సింజ్, ఆంత్వానెత్ కోర్బోజ్-వార్నరీ తల్లిదండ్రులను, మూడు నెలల బిడ్డను త్రికోణంలా కూర్చోబెట్టారు. మొదట ఒకరు బిడ్డను ఆడిస్తే రెండోవారు ఊరికే చూడాలి. తర్వాత ఒకరి స్థానం ఇంకొకరిది. ఆపైన ముగ్గురూ కలిసి ఆడాలి. చివర్న పెద్దలిద్దరూ మాట్లాడుకుంటుంటే బిడ్డ చూస్తూ ఉండాలి. ఇందులో కష్టమైన భాగం ఆడించడం కాదు, ఊరికే చూడడం. పక్కవాళ్లు బిడ్డను నవ్విస్తుంటే చెయ్యి పెట్టకుండా, వంక పెట్టకుండా ఉండగలగడం. ఆ ఈడు బిడ్డే ఒకరి ముఖం నుంచి ఇంకొకరి ముఖానికి చూపు మారుస్తూ తన సంతోషాన్ని ఇద్దరికీ పంచుతుందని వాళ్లు 1999 నాటి పుస్తకంలో రాశారు. మొదట ఒక్కరినే ఎరిగి ఆ తర్వాత మిగతావాళ్లను ఎరుగుతుందన్న నమ్మకానికి అక్కడ గండి పడింది.

ఈ కలిసి పెంచడానికే ఇంగ్లీషు పుస్తకాల్లో కోపేరెంటింగ్ అని పేరు. ఆలుమగల సఖ్యత వేరు, ఇది వేరు. తమ మధ్య ఎన్ని ఉన్నా బిడ్డ దగ్గరికొచ్చేసరికి ఒక్క మాట మీద ఉండేవాళ్లు ఉంటారు. అన్యోన్యంగా ఉంటూనే బిడ్డ విషయంలో ఒకరినొకరు తీసిపారేసేవాళ్లూ ఉంటారు. అమెరికా పరిశోధకుడు మార్క్ ఫైన్‌బర్గ్ 2003లో దీన్ని విడదీసి చూపాడు. సాకే తీరు మీద మాట కలిసిందా, పని ఎట్లా పంచుకున్నారు, ఒకరికొకరు వత్తాసుగా ఉన్నారా తక్కువ చేసుకుంటున్నారా, తమ పంచాయితీలోకి బిడ్డను లాగుతున్నారా. మరో పరిశోధకుడు జేమ్స్ మెక్‌హేల్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. కలిసి పెంచేవాళ్లు మొగుడూపెళ్లాలే కానక్కర్లేదు, అమ్మమ్మ కావచ్చు, పెద్దమ్మ కావచ్చు, బిడ్డ బాధ్యత ఎవరు మోస్తున్నారో వాళ్లంతా లెక్కలోకే వస్తారని అతను వాదిస్తూ వచ్చాడు. నిజామాబాద్‌కు పనికొచ్చే మాట ఇదే.

రుజువుల సంగతికొస్తే కొంచెం ఆగి చూడాలి. 2010లో జర్మనీ పరిశోధకులు టాయ్‌బెర్ట్, పింకార్ట్ 59 అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. పెంచేవాళ్ల పొత్తుకూ పిల్లల స్థితికీ సంబంధం ఉందని తేలింది, కానీ అది చిన్న సంబంధమే. పేదరికం, తల్లి ఆరోగ్యం, బిడ్డ పుట్టు స్వభావం ముందు ఇది కొండంత కాదు. పైగా ఊరుకోని బిడ్డ వల్లే పెద్దల మధ్య చీకాకులు రావచ్చు, కారణం ఏదో ఫలితం ఏదో తేల్చడం కష్టం. అందుకే ప్రయోగాలకు విలువ ఎక్కువ. పెన్సిల్వేనియాలో తొలిచూలు కోసం ఎదురుచూస్తున్న 169 జంటల మీద ఫైన్‌బర్గ్ ఒక శిక్షణను పరీక్షించాడు. కొన్ని తరగతులు కాన్పుకు ముందు, కొన్ని తర్వాత. శిక్షణ పొందిన జంటల్లో ఒకరికొకరు ఆసరాగా ఉండడం పెరిగింది, తల్లుల్లో దిగులు తగ్గింది, తండ్రులు చెప్పినదాన్ని బట్టి బిడ్డలు తమను తాము ఊరడించుకోవడమూ మెరుగైంది. కాలిఫోర్నియాలో కోవన్ దంపతులు, వాళ్ల సహచరులు 2009లో ప్రచురించిన ప్రయోగంలో ఇంకో మెలిక ఉంది. తండ్రులను మాత్రమే పిలిచి పాఠాలు చెప్పినదానికంటే ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టినప్పుడే మేలు నిలిచింది. "తండ్రులూ మేల్కొనండి" అనే పోస్టర్లు గోడకు అంటిస్తే సరిపోదని దీని అర్థం.

ఇక మన ఇంటికి వద్దాం. పెన్సిల్వేనియాలో బిడ్డ ఆసుపత్రి నుంచి తల్లిదండ్రుల ఇంటికి వెళ్తుంది. నిజామాబాద్ జిల్లా బోధన్‌లో తొలికాన్పు బిడ్డ తల్లిగారింటికి వెళ్తుంది. తానం పోసేది, కాళ్లమీద పడుకోబెట్టి నూనె రాసేది, బాలింతకు పత్యం పెట్టేది అంతా అమ్మమ్మే. తండ్రి ఆదివారం ఆదివారం చుట్టంలా వచ్చిపోతాడు. మూడో నెలలోనో ఐదో నెలలోనో మంచిరోజు చూసి అత్తగారింటికి పంపుతారు. ఒక్క పూటలో బిడ్డ చుట్టూ ఉన్న చేతులన్నీ మారిపోతాయి. తొట్టె మారుతుంది, తానం పోసే చెయ్యి మారుతుంది, ఊరుకోబెట్టే తీరు మారుతుంది. పాశ్చాత్య పుస్తకాల్లో ఈ బదిలీకి అధ్యాయం లేదు. నిజానికి ఫలానా మనిషే కావాలని బిడ్డ గట్టిగా పట్టుకోవడం ఆరేడు నెలలు దాటాకే బలపడుతుంది కాబట్టి, ఐదో నెలలో ఇల్లు మారడాన్ని బిడ్డ తట్టుకోగలదు. తట్టుకోలేనిది తల్లి. కాన్పు నాటినుంచి తన బిడ్డకు తానే పెద్ద అనుకున్న పిల్ల, అత్తమ్మ ఇంట్లో తన బిడ్డను ఎత్తుకోవడానికి కూడా వంతు కోసం చూడాల్సి వస్తుంది. అదీ ఎలాంటి ఒంటితో? ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే. కుట్లు మానే రోజుల్లో వేరేవాళ్ల చేతులు తప్పవు. ఆ చేతులు సాయపడతాయా, బిడ్డను లాక్కుంటాయా అన్నది అప్పుడే ఖాయమవుతుంది.

మన ఉమ్మడి కుటుంబంలో ఈ సమస్యలు లేవని చెప్పేవాళ్ల మాట నాకు సగమే నచ్చుతుంది. చేతులు ఎక్కువ ఉండడం బిడ్డకు మేలే. పరిశోధకురాలు సారా హర్డీ 2009 నాటి పుస్తకంలో మనిషి జాతే నలుగురి చేతుల మీద పెరిగిన జాతి అని వాదించింది, నేను నమ్ముతాను. కానీ చేతులు నాలుగైతే మాటలూ నాలుగవుతాయి. పాలు చాలట్లేదు డబ్బాపాలు పట్టమని ఒకరు, ఆరు నెలలదాకా నీళ్లు కూడా వద్దన్న ఆశ కార్యకర్త మాట పట్టుకుని ఇంకొకరు. ఏడ్చిందని ఫోన్ చేతిలో పెట్టేది ఒకరు, లాక్కునేది ఒకరు. వేళ్లు చూపించుకునే ఈ గొడవలో బిడ్డకు పాలకంటే ముందు పెద్దల గొంతు అందుతుంది.

గల్ఫ్ ఇళ్లలో ఈ లెక్కకు ఇంకో మెలిక. 2011 జనగణనలో అప్పటి నిజామాబాద్ జిల్లాలో వెయ్యిమంది మగవాళ్లకు 1,040 మంది ఆడవాళ్లున్నారు. ఆ అంకెలో వలసకు వాటా ఉందనుకోవడం తప్పు కాదు. కడుపుతో ఉన్న భార్యను వదిలి విమానం ఎక్కినవాడు బిడ్డను మొదట చూసేది తెరమీదే. ఎమిరేట్స్‌లో వాట్సాప్ కాల్ నడవదు కాబట్టి వేరే యాప్‌లు వాడతారు. డ్యూటీ దిగి, క్యాంపుకు వచ్చి, దుబాయిలో ఎనిమిదింటికి ఫోన్ చేస్తే ఇక్కడ తొమ్మిదిన్నర. సౌదీ నుంచైతే పదిన్నర. బిడ్డ నిద్రలో ఉంటుంది. నిద్రపోయే బిడ్డ ముఖం మీదికి కెమెరా తిప్పి చూపించి, తర్వాత అరగంట పైసల మాటలు, అత్తమ్మ మీద ఫిర్యాదులు, ఫోన్ అత్తమ్మ చేతికి పోయాక కోడలి మీద ఫిర్యాదులు. అక్కడున్న మనిషి ఎవరి పక్షం మాట్లాడినా ఇక్కడ పొత్తు చెడుతుంది. అదే ఫోన్, బిడ్డ మేలుకుని ఉన్న వేళ, తల్లి ఒళ్లో కూర్చోబెట్టుకుని "బాపు సూడు, బాపు పిలుస్తుండు" అని ముఖం వెలిగించి చూపిస్తే, దూరాన ఉన్న తండ్రి కూడా పెంచేవాళ్లలో ఒకడవుతాడు. ఏడాదిన్నర లోపు పిల్లలకు తెరలే వద్దని 2016లో చెప్పిన అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం కూడా వీడియో కాల్‌ను మినహాయించింది.

చుట్టీ మీద వచ్చినప్పుడు అసలు పరీక్ష. ఏడాది బిడ్డ ఆ కొత్త మనిషిని చూసి తల్లి కొంగులో దూరుతుంది. ఎనిమిది నెలలు దాటిన బిడ్డ కొత్తవాళ్లకు జడవడం ఆరోగ్యానికే గుర్తు. కానీ రెండేళ్ల కష్టం మోసుకొచ్చినవాడికి ఆ ఏడుపు అవమానంలా తగులుతుంది. చుట్టుపక్కలవాళ్లు నవ్వుతారు, బిడ్డను బలవంతంగా అతని చేతుల్లో పెడతారు, ఏడుపు ఇంకా పెరుగుతుంది. ఇక్కడ 1985లో అమెరికాలో సోర్స్, ఎమ్డే తదితరులు చేసిన ప్రయోగం గుర్తొస్తుంది. కింద లోతు కనిపించే గాజుపలక మీద ఏడాది బిడ్డను వదిలి, అవతల తల్లిని నిలబెట్టారు. తల్లి నవ్వుముఖం పెట్టినప్పుడు 19 మందిలో 14 మంది దాటి వెళ్లారు. భయపడ్డ ముఖం పెట్టినప్పుడు 17 మందిలో ఒక్కరూ దాటలేదు. కొత్త మనిషి దగ్గరికి పోవాలా వద్దా అన్నదీ బిడ్డ తల్లి ముఖం చూసే తేల్చుకుంటుంది. తండ్రి ఎత్తుకోవాలని తొందరపడకుండా నాలుగు రోజులు చాప మీద కూర్చుని భార్యతో నెమ్మదిగా మాట్లాడితే బిడ్డ తానే జరుగుతూ వస్తుంది.

బీడీ ఇళ్ల కథ వేరు. అరుగు మీద ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. దూలానికి చీర ఉయ్యాల. ఉయ్యాలకు కట్టిన తాడు కొస తల్లి కాలి బొటనవేలికి. చేతులు బీడీ చుడుతుంటే కాలు ఊపుతుంటుంది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి కాబట్టి బిడ్డను ఎత్తుకున్న ప్రతి నిమిషం కూలిలోంచి కోత. అత్త కూడా పక్కనే బీడీలు చుడుతుంటుంది. ఇక్కడ కలిసి పెంచడమంటే మాటలు కలవడం కాదు, ముందు పని పంచుకోవడం. అత్త వంద బీడీలు తక్కువ చుట్టి బిడ్డను చూస్తానంటే అది కోడలి మనసుకు మందు. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం పని స్థలంలో పిల్లల గది ఉండాలంది, కానీ ఇంటి అరుగు ఆ లెక్కలోకి రాలేదు. అట్లాగే సరిహద్దు అవతల మరాఠ్వాడా నుంచి చెరుకు కోతకు వలసపోయే ఆలుమగల జంటను కూలీలను కూర్చే ముకద్దం ఒక "కోయితా"గానే లెక్కిస్తాడు, కొడవలికి పెట్టిన పేరే జంటకూ పెట్టి. చేను గట్టు మీద నిద్రపోయే మూడో ప్రాణానికి ఆ లెక్కలో చోటు లేదు.

బోధన్ శక్కర్‌నగర్ దగ్గర మాత్రం తండ్రి ఇంట్లోనే ఉన్నాడు. 1937లో మొదలై, ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. షిఫ్టు సైరన్ మీద నడిచిన ఇళ్లలో మగవాడికి పగలంతా ఖాళీ. ఖాళీ ఉన్నంత మాత్రాన బిడ్డను ఎత్తుకుంటాడని లేదు. 1980లలో అమెరికాలో వ్యవసాయ సంక్షోభం ముంచిన అయోవా రాష్ట్రంలో ర్యాండ్ కాంగర్, గ్లెన్ ఎల్డర్ కుటుంబాలను ఏళ్ల తరబడి పరిశీలించి 1994లో ఒక వరుసను చూపించారు. అప్పు, ఆదాయం పోవడం ముందు తల్లిదండ్రుల మనసును కుంగదీస్తాయి, తర్వాత వాళ్ల మధ్య కయ్యమవుతాయి, అక్కడినుంచి పిల్లల మీదికి దిగుతాయి. మధ్యలో తల్లిదండ్రుల పొత్తు నిలబడితే దెబ్బ పలచబడుతుంది. ఫ్యాక్టరీ మూతను జీతాలు, బకాయిలు, చెరుకు ధర లెక్కల్లోనే మాట్లాడుకున్నాం. 2024లో పునరుద్ధరణ కోసం వేసిన కమిటీ ముందున్నవీ అవే లెక్కలు. సహజమే. కానీ ఆ మూత ఉయ్యాల దాకా పోయింది.

తల్లి దిగులు సంగతి విడిగా చెప్పాలి. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చిన సమీక్ష దేశంలోని 38 అధ్యయనాలు కలిపి చూస్తే కాన్పు తర్వాత దిగులుకు లోనైన తల్లులు సుమారు 22 శాతమని తేల్చింది. 2002లో గోవాలో విక్రమ్ పటేల్ బృందం చేసిన అధ్యయనంలో 23 శాతం. ఆడబిడ్డ పుట్టిందన్న నిరాశ, భర్త కొట్టడం, లేమి అక్కడ ముఖ్య కారణాలుగా తేలాయి. మూడింటిలో రెండు ఇంట్లో మనుషుల తీరువే. తండ్రులూ దీనికి మినహాయింపు కాదు, 2010లో వచ్చిన ఒక సంకలన అధ్యయనం నూటికి 10 మంది తండ్రుల్లో ఈ దిగులు చూసింది. మన దగ్గర బాలింత మూలన కూర్చుని ఏడుస్తుంటే గాలి సోకిందంటారు, బడాపహాడ్ దర్గాకు మొక్కుకుంటారు. మొక్కుకోవడం తప్పని నేననను, నలుగురూ కలిసి బండి కట్టించుకుని గుట్టకు పోవడంలోనూ ఆమెకు కొంత ఊరట ఉంటుంది. ఆ నలుగురూ తిరిగొచ్చాక ఏం చేయాలో చెప్పేవాళ్లే లేరు.

మనకు అన్నిటికంటే దగ్గరి పాఠం రావల్పిండిది. అక్కడి పల్లెల్లో అతిఫ్ రెహమాన్ బృందం మన ఆశలవంటి లేడీ హెల్త్ వర్కర్లకే శిక్షణ ఇచ్చి దిగులుపడ్డ గర్భిణుల ఇళ్లకు పంపింది. 2008లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితాల్లో ఆరు నెలల తర్వాత ఇంకా దిగులులో ఉన్నవాళ్లు సేవ అందిన చోట 23 శాతం, మామూలు సందర్శనలే ఉన్నచోట 53 శాతం. నన్ను పట్టి నిలిపింది వాళ్లు ఇంట్లోకి వెళ్లిన దారి. "మీ కోడలికి మనసు బాగాలేదు" అంటే అత్త తలుపేస్తుంది. "బిడ్డ బాగుండాలంటే అందరం ఏం చేద్దాం" అంటే పక్కన కూర్చుంటుంది. బిడ్డే అందరికీ ఒప్పుదలైన విషయం. అట్లా మొదలుపెట్టిన ఇళ్లలో తల్లీతండ్రీ ఇద్దరూ బిడ్డతో ఆడే సమయమూ పెరిగింది.

మన ప్రభుత్వ ఏర్పాట్లలో ఇంటి గడప తొక్కే అవకాశాలకు లోటు లేదు. ఆసుపత్రి కాన్పైతే 42 రోజుల్లో ఆశ ఆరుసార్లు రావాలి. ఆ తర్వాత 3, 6, 9, 12, 15 నెలలకు మళ్లీ రావాలి. మూడేళ్లలోపు పిల్లల ఆటపాటల కోసం 2024లో కేంద్రం తెచ్చిన నవచేతనలో నెలవారీగా 140 కృత్యాలున్నాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టం 21వ సెక్షన్ ఆసుపత్రిలో చేరిన తల్లినుంచి మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా వేరుచేయరాదంటుంది, బెంగళూరు నిమ్హాన్స్‌లో 2009 నుంచి తల్లీబిడ్డలను కలిపి చేర్చుకునే వార్డు ఉంది. ఇవన్నీ తల్లీబిడ్డల జంట కోసమే కట్టినవి. ఆశ వచ్చేది పగలు, తండ్రి పనిలోనో పరదేశంలోనో ఉన్నప్పుడు. సర్కారు ఉద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవుంది, బీడీ టేకేదారు దగ్గర పనిచేసేవాడికి, ఆటో నడిపేవాడికి అదీ లేదు.

ఇందులో ఒక ప్రమాదం దాచకూడదు. కలిసి పెంచండి అన్న మాట కొట్టే మొగుడి దగ్గరే సర్దుకుపొమ్మనే సలహాగా మారడానికి క్షణం పట్టదు. దెబ్బలున్న ఇంట్లో మొదటి పని తల్లీబిడ్డలను కాపాడడం, పొత్తు మాట తర్వాత. భర్త పోయిన, విడిచిన తల్లికి పొత్తంటే ఆమె అవ్వతోనో అక్కతోనో కుదిరేదే, దాన్ని తక్కువ రకంగా చూడాల్సిన పనిలేదు. బాపమ్మలనూ ఊరికే దోషులను చేయొద్దు. నలభై ఏళ్లు బీడీలు చుట్టి నడుము వంగిన మనిషి మనవణ్ణి రాత్రంతా భుజాన వేసుకుంటోంది, ఆమె మాటకు విలువ ఇవ్వకుండా ఆమె పద్ధతి మార్చలేం.

ముందు చేయగలిగింది చిన్నది. ఆశ మూడో నెల సందర్శన తల్లిగారింట్లో జరిగితే అమ్మమ్మను, ఆరో నెలది అత్తగారింట్లో జరిగితే బాపమ్మను, తండ్రి ఊళ్లో ఉంటే అతన్నీ కూర్చోబెట్టాలి. "బిడ్డ ఏడిస్తే ఎవరెవరు ఎత్తుకుంటరు, ఎత్తుకున్నంక ఇంట్ల మాటలొస్తయా" అని అడిగి బిడ్డ కార్డు మీద రాయాలి. గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు ప్రయాణానికి ముందు ఇచ్చే అవగాహన తరగతిలో వీసా, ఒప్పందం, పాస్‌పోర్టు గురించి చెబుతారు. అక్కడే ఏడాదిలోపు బిడ్డలున్న తండ్రులను విడిగా ఓ గంట కూర్చోబెట్టి, శుక్రవారం సెలవున్నవాళ్లు పొద్దున ఫోన్ చేయాలని, అప్పుడు బిడ్డ మేలుకుని ఉంటుందని, ముందు బిడ్డతో మాట్లాడి పైసల సంగతి ఆఖర్న ఎత్తాలని చెప్పవచ్చు. దానికి కొత్త బడ్జెట్ కూడా అక్కర్లేదు.